"గిరిజనుల రక్తంలోనే గురి ఉంది" అనే పొగడ్త మనకొద్దు

పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ప్రతి ఆగస్టు 9న ఒక మాట వింటాం. మనోడి చేతికి విల్లు ఇచ్చి స్టేజీ మీద నిలబెడతారు, ఫోటోలు తీస్తారు, మైకులో "వీళ్ళ రక్తంలోనే గురి ఉంది" అంటారు. కింద కూర్చున్న మనమే అందరికంటే గట్టిగా చప్పట్లు కొడతాం. ఈ మధ్య మనోళ్ళు కొందరు ఇంకో అడుగు ముందుకేసి, "బాణాల బరువులు తూచడం, కొలతలు పెట్టడం అంతా సిటీ వాళ్ళ పని, మనకెందుకు" అంటున్నారు. నేను చెంచు ఇంట్లో పుట్టినోణ్ణి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి. ఈ రెండు మాటలూ తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నా.

మన పెద్దోళ్ళు కొలవలేదని ఎవరు చెప్పారు? మా తాత దగ్గర త్రాసు లేదు, అంతే. కొత్త బాణం కర్ర దొరికితే ముందు కంటి ముందు పెట్టి వంకర చూసేవాడు. వంకరుంటే నిప్పు సెగకి కాచి సరిచేసేవాడు. ములికి బిగించాక వేలి మీద ఆనించి ఎటు మొగ్గుతుందో చూసేవాడు. తర్వాత కుడి చేతిలో పాత బాణం, ఎడమ చేతిలో కొత్త బాణం పట్టుకుని కళ్ళు మూసుకుని తూచేవాడు. తేడా కొడితే కర్ర గీకేవాడు, అప్పటికీ కుదరకపోతే పక్కన పడేసేవాడు. "ఇది దగ్గరి దానికేరా అబ్బాయా, దూరానికి పనికిరాదు" అనేవాడు. దీన్ని రక్తం అంటారా, పని అంటారా?

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఇది ఇంటర్ ఫిజిక్సే. ఒకే విల్లుని ఒకే అంత లాగితే అది బాణానికి ఇచ్చే శక్తి దాదాపు ఒకటే. కాబట్టి బరువు బాణం నెమ్మదిగా పోతుంది. 30 గ్రాముల బాణం సెకనుకి 40 మీటర్ల వేగంతో వెళ్ళిందనుకోండి. 20 మీటర్లు పోవడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో బాణం 120 సెంటీమీటర్లకు పైగా కిందికి జారుతుంది. మనం అలవాటుగా అంత పైకి ఎత్తి కొడతాం కాబట్టి తెలియదు. ఇప్పుడు అదే విల్లులో 33 గ్రాముల బాణం పెట్టండి. వేగం సుమారు నాలుగు శాతం తగ్గుతుంది. గాలి అడ్డు పక్కన పెట్టినా, అదే గురికి బాణం సుమారు 10 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 10 మీటర్ల దూరంలో ఈ తేడా రెండున్నర సెంటీమీటర్లే. 50 మీటర్లకి 60 సెంటీమీటర్లు! దూరం రెండింతలైతే తప్పు నాలుగింతలు అవుతుంది. చెయ్యి వణకలేదు, కన్ను తప్పలేదు, బాణం మారింది, అంతే.

"మరి మన తాతలు అన్ని రకాల బాణాలతో కొట్టారు కదా" అని అడుగుతారు. నిజమే. ఎట్టా కొట్టారో కూడా చూడండి. గాలికి ఎదురుగా, ఆకు చప్పుడు కాకుండా, పదీ పదిహేను అడుగుల దాకా పోయి కొట్టేవాళ్ళు. అంత దగ్గర్లో మూడు గ్రాముల తేడా లెక్కలోకి రాదు. అంటే బాణంలో ఉన్న తప్పుని వాళ్ళ నడక మింగేసింది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. బరువొక్కటే అంతా కాదు. కర్ర వంకరగా ఉంటే, ఈక ఊడితే, ఒక కర్ర గట్టిగా ఇంకోటి మెత్తగా ఉంటే బాణం పక్కలకి పోతుంది. వీటి తర్వాతే బరువు. కానీ మిగతావన్నీ సరిచేశాక కూడా బాణాలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పడుతుంటే, ముందు చూడాల్సింది బరువే.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? అడవిలో జంతువుని కొట్టమని నేను చెప్పట్లేదు. 1972 వన్యప్రాణి చట్టం వేటని ఆపేసింది. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కుల్ని ఒప్పుకుంటూనే వేటని మాత్రం బయట పెట్టింది. ఇక మన విల్లు బతికేది గ్రౌండులోనే. అక్కడ పది అడుగుల దాకా పాకిపోవడం కుదరదు. ఒలింపిక్స్‌లో టార్గెట్ 70 మీటర్ల దూరంలో ఉంటుంది, పది పాయింట్ల వలయం అడ్డంగా 12.2 సెంటీమీటర్లు. అక్కడ బాణాలన్నీ కవల పిల్లల్లా ఉండాల్సిందే.

ఒకసారి సెలక్షన్లలో మాకేం జరిగిందో చెప్తా. బకెట్లో ఉన్న బాణాలు తలా ఆరు ఇచ్చారు. ఒకటి అల్యూమినియం, ఒకటి వెదురు, ఒకదానికి ఈక సగమే. మా వాళ్ళవి చెల్లాచెదురుగా పడ్డాయి. పక్కన సొంత సెట్టు తెచ్చుకున్న పిల్లల బాణాలు గుంపుగా పడ్డాయి. చివర్లో ఒకాయన, "గిరిజన పిల్లలు కదా, ఇంకా బాగా కొడతారనుకున్నాం" అన్నాడు. ఆ పొగడ్త అసలు రంగు అదే అన్నా! గురి రక్తంలో ఉంటే మనకి కోచ్ ఎందుకు, సామాను ఎందుకు? తగిలితే రక్తం గొప్ప. తగలకపోతే తప్పు మనది. బకెట్ తప్పని ఒక్కరూ అనరు.

ఎరుకల అన్నలు ఏకలవ్యుణ్ణి తమ మూలపురుషుడిగా చెప్పుకుంటారు. ఆయన కథలో రక్తం ఎక్కడుంది? మట్టి బొమ్మ ముందు రోజూ చేసిన సాధన ఉంది. రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ చిన్నప్పుడు వెదురు విల్లుతో పిట్టలు కొట్టినవాడే. 1987లో ఎంపికై, సరైన శిక్షణ, సరైన విల్లు అందాక, 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో ప్రపంచ రికార్డుని సమం చేశాడు. మన పక్కన విజయవాడ నుంచి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమెది రక్తం అని ఎవరూ అనలేదు, కష్టం అన్నారు. మన కష్టాన్ని మాత్రం రక్తం అంటారు.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. హాస్టల్లో విల్లు పట్టేవాళ్ళు ప్రతి బాణానికీ నంబరు రాయండి. కొట్టిన ప్రతిసారీ ఏ నంబరు ఎక్కడ పడిందో నోటుబుక్కులో ఎక్కించండి. ఒకే నంబరు పదేపదే కిందికి పోతుంటే బంగారం కొట్లో త్రాసు మీద పెట్టించి చూడండి. బరువు తేడా ఉంటే ఆ బాణాన్ని సెట్టులోంచి తీసెయ్యండి. ఇంకా బాణాలు చేసే పెద్దోళ్ళు మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు గూడేల్లో ఉంటే, వాళ్ళు కర్ర ఎంచే పద్ధతిని ఫోన్లో రికార్డు చేసి పెట్టండి. అధికారుల దగ్గరికి పోయినప్పుడు సన్మానం అడగొద్దు, ఒక్కొక్కరికి ఒకే బరువున్న పన్నెండు బాణాల సెట్టు అడగండి.

వచ్చే ఆగస్టు 9న ఎవరైనా మళ్ళీ ఆ రక్తం మాట ఎత్తితే చప్పట్లు కొట్టకండి. లేచి, "మా బాణాలు ఎప్పుడిస్తారు సార్?" అని అడగండి. నా లెక్కలో తప్పుందనుకునే వాళ్ళు లెక్కతోనే రండి, మాట్లాడుకుందాం.

— మీ తమ్ముడు, హాస్టల్ విద్యార్థి, నరసరావుపేట