బిల్లు మీద ఏం రాశారు?

మార్కాపురంలో ఒక రిటైర్డ్ మాస్టారు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నారు. బిల్లులో చివరి పద్దు: 'ఆఫీస్ సాఫ్ట్‌వేర్, తెలుగు ఫాంట్ల లైసెన్స్, రూ.1,500'. తీరా తెరిస్తే ఉన్నవి లిబ్రే ఆఫీస్, పోతన ఫాంటు. రెండూ నెట్‌లో ఊరికే దొరికేవే. "ఫ్రీగా వచ్చేదానికి డబ్బులేందయ్యా!" అని మాస్టారి అబ్బాయి దుకాణం మీదికి బయల్దేరాడు.

డబ్బు తీసుకోవడంలో నాకు తప్పు కనిపించలేదు. 'లైసెన్స్' అని రాయడంలోనే ఉంది తిరకాసు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడు రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో తన ఈమ్యాక్స్ ప్రోగ్రామును టేపులకెక్కించి ఒక్కోటి 150 డాలర్లకు అమ్మాడు. ఆయన రాసిన జీపీఎల్ లైసెన్సు ఏ ధరకైనా అమ్ముకోనిస్తుంది. అయితే కొన్నవాడికి సోర్స్ కోడ్ అందాలి, నలుగురికీ కాపీ చేసి ఇచ్చే హక్కు తనకుందని తెలియాలి. మాస్టారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఫాంట్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన జీపీఎల్ కిందిది, అమ్ముకోవచ్చు. సిలికానాంధ్ర అందించిన మండలి, రామభద్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సువి. వాటితో శుభలేఖ కొట్టి డబ్బు తీసుకోవచ్చు, వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వొచ్చు. ఫాంటును ఫాంటుగా విడిగా అమ్మకూడదు. గిద్దలూరులోనో కంభంలోనో ఎవరైనా ఆ ఫాంట్లే పెన్‌డ్రైవ్‌లో వేసి వెల కడితే లైసెన్సు మీరినట్టే.

మరి ఇవన్నీ వేసిచ్చిన దుకాణం కుర్రాడి కూలి? పలకల ఊరైన మార్కాపురంవాళ్లకు ఇది చెప్పాలా! రాయి భూమిలోదే, దాన్ని చీల్చి, కోసి, చుట్టూ చెక్క బిగించినవాళ్లకు డబ్బివ్వమా? ఇతనూ ప్రింటర్ డ్రైవర్ వెతికాడు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టాడు, ఒత్తులు విడిపోకుండా సరిచూశాడు. అదే పని మీద ఒంగోలు వెళ్లొస్తే మాస్టారికి ఒక రోజు పోయేది.

అసలు విడ్డూరం వేరే ఉంది. దొంగ విండోస్, దొంగ డీటీపీ సాఫ్ట్‌వేర్ వేసి 'ఫార్మాటింగ్ చార్జీ' అని మూడొందలడిగితే ఇదే అబ్బాయి కిక్కురుమనకుండా ఇస్తాడు. అక్కడ కొట్టేసిన సరుకని ఇద్దరికీ తెలుసు. న్యాయంగా పంచుకోమని ఇచ్చిన సరుకు దగ్గరికొచ్చేసరికి మాత్రం ధర్మం గుర్తొస్తుంది.

దుకాణదారు చేయాల్సింది కొంచెమే. 'లైసెన్స్' కొట్టేసి 'ఇన్‌స్టలేషన్, కీబోర్డు సెట్టింగు' అని రాయాలి. సాఫ్ట్‌వేర్ పేర్లు, అవి ఎక్కడ ఊరికే దొరుకుతాయో కింద వేయాలి. అప్పుడు 1,500 ఎక్కువనిపిస్తే మాస్టారు బేరమాడతారు, లేదా మనవడి చేత వేయించుకుంటారు. ఆ వీలు లేకుండా చేసినందుకే ఆ బిల్లు నాకు నచ్చలేదు.