గ్యాలరీ గడప కూడా తొక్కాల్సిందే

"కూలి రేట్ల గొడవ ఉంది, శ్మశానం జాగా గొడవ ఉంది, ఇండ్ల పట్టాలు రాలేదు. మీరేమో బొమ్మలు చూడ్డానికి బొంబాయి పోయిండ్రా?" అని ఒక కార్యకర్త మమ్మల్ని నిలదీశాడు. నిలదీయాల్సిందే. పత్రిక నడిచేది మీ చందాలతో. అందుకే ముందు లెక్క చెప్తున్నాం. డిసెంబర్ 6న చైత్యభూమికి పోయిన మేము అయిదుగురం. తిరుగు రైలుకు ఇంకో మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ ముంబైలో బొమ్మల గ్యాలరీలూ, చిత్రకారుల స్టూడియోలూ తిరిగాం. చాలా గ్యాలరీలకు టికెట్ లేదు. ఖర్చల్లా లోకల్ రైలుకు, వడాపావ్‌కు.

నిజానికి మేం చూసిన మొదటి ఎగ్జిబిషన్ ఏ గ్యాలరీలోనూ లేదు. దాదర్ శివాజీ పార్కులో ఉంది. డిసెంబర్ 6కు లక్షల జనం వస్తారు. పుస్తకాల దుకాణాల పక్కనే బొమ్మల దుకాణాలు. బాబాసాహెబ్ సూటులో, చేతిలో పుస్తకంతో. బుద్ధుడు, జ్యోతిబా, సావిత్రీబాయి, రమాబాయి. ప్లాస్టర్ విగ్రహాలు, క్యాలెండర్లు, చెక్క మీద గీసినవి. మరాఠ్వాడా నుంచి జనరల్ బోగీలో నిలబడి వచ్చిన ముసలమ్మ కొంగుముడి విప్పి, నాలుగు బొమ్మలు పక్కపక్కన పెట్టించుకుని, ముఖాలు తేరిపార చూసి, ఒకటి కొనుక్కుంది. ఏ ముఖం బాగా కుదిరిందో ఆమెకు తెలుసు. ఇంతమంది బీదవాళ్లు సొంత డబ్బుతో బొమ్మలు కొనే చోటు దేశంలో ఇంకెక్కడైనా ఉందా? అయినా కళ గురించి రాసే పెద్దలు దీన్ని ఎగ్జిబిషన్ అనరు. జాతర అంటారు, ట్రాఫిక్ జామ్ అంటారు.

మర్నాడు దాదర్‌లో రైలెక్కి చర్చిగేట్‌లో దిగి, కాలా ఘోడాకు నడిచాం. కాలా ఘోడా అంటే నల్ల గుర్రం. ఒకప్పుడు అక్కడ గుర్రమ్మీద ఇంగ్లీషు రాజు ఎడ్వర్డు విగ్రహం ఉండేది. 1965లో తీసేశారు. 2017లో కొత్త గుర్రాన్ని నిలబెట్టారు, రౌతు లేకుండా. మాకు నచ్చింది.

అక్కడే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1952లో ఒక పార్శీ ధనవంతుడు చనిపోయిన కొడుకు పేరున కట్టించాడు. ఎవరైనా పోవచ్చు, పైసా అక్కర్లేదు. బయట ఫుట్‌పాత్ మీద కూడా చిత్రకారులు బొమ్మలు పెట్టుకుని కూచుంటారు. లోపలి గోడకూ బయటి ఫుట్‌పాత్‌కూ మధ్య నాలుగు అడుగులే. ఆ నాలుగు అడుగులు దాటడానికి కొందరికి ఏళ్లు పడుతుంది.

జహంగీర్‌లో ఎవరూ ఆపలేదు. ఆ చుట్టుపక్కలే ఉన్న ఒక ప్రైవేటు గ్యాలరీలో, పేరు అనవసరం, ఆపారు. తలుపు మూసే ఉంటుంది, గంట కొట్టాలి. కొట్టాం. సెక్యూరిటీ అతను మా భుజాల మీది సంచులు చూసి "డెలివరీనా?" అన్నాడు. "బొమ్మలు చూస్తం" అన్నాం. లోపలికి పోయి అడిగొచ్చి తీశాడు. మా ముందు వచ్చిన జంటను అడగలేదు, వాళ్లు గంట కొట్టగానే తీశాడు. తప్పు అతనిది కాదు. మేం వచ్చేటప్పుడు మా జేబుకున్న నీలం బిళ్ల చూసి మెల్లగా "జై భీమ్" అన్నాడు. లాతూరు వైపు మనిషి. ఏళ్లుగా ఆ బొమ్మలకు కాపలా. "వీటి గురించి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ ఎవరు ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు నిలబడతారో చెప్పగలను" అన్నాడు.

ఆ గ్యాలరీలోనే ఒక పెద్ద బొమ్మ, నాట్లేస్తున్న ఆడవాళ్లది. రంగులు బాగున్నాయి. మాతో వచ్చిన కూలి సంఘం అక్క దాని ముందు నిలబడి గట్టిగా నవ్వింది. అందరూ తిరిగి చూశారు. "వీళ్లు ముందుకు నడుస్తుండ్రు, చూడున్రి. ఏసిన నాటు ఏసినట్టే తొక్కుతుండ్రు! నాటేసేటోళ్లు ఎనక్కి గదా పోయేది" అంది. అక్కడ కూచున్న అమ్మాయిని మేం హిందీలో పిలిచి చెప్పాం. ఆమె కాగితం తీసుకుని రాసుకుంది, సంతోషమే. ఆ బొమ్మ ధర లక్షల్లో ఉంది. గీసినాయన పొలం గట్టు మీద నిలబడి ఉంటాడు, మడిలో దిగి ఉండడు. అతను పెద్ద చిత్రకారుడే కావచ్చు. కానీ ఆ తప్పు చెప్పగలిగిన మనిషి ఇన్నాళ్లూ ఆ గది లోపలికి రాలేదు, అదీ సంగతి. మన బొమ్మ లోపలుంది, మనం బయటున్నాం.

బొమ్మ చూడ్డం మనకు కొత్తా? డక్కలి వాళ్లు వాడకొచ్చి పటం విప్పి, జాంబపురాణం చెప్తుంటే తెల్లవార్లూ చూసినవాళ్లం కాదా? నకాషీ వాళ్లు గీసిన ఆ పటం గజాల కొద్దీ ఉండేది. డక్కలి కర్ర పెట్టి ఒక్కో బొమ్మ చూపిస్తూ ఆదిజాంబవుడి కథ చెప్పేవాడు. ఎగ్జిబిషనే మన ఇంటికి నడిచొచ్చేది! మధ్యలో ప్రశ్నలడిగేవాళ్లం, తప్పు చెప్తే పట్టుకునేవాళ్లం. ఇప్పుడా పటాలు మ్యూజియం అద్దాల వెనక ఉన్నాయి. "జానపద కళ" అని చీటీ కట్టారు. మనది జానపదం, వాళ్లది కళ!

ఇక్కడ మన బొల్లారం పిల్లాడి సంగతి చెప్పాలి. 1947లో ముంబైలో కొందరు కుర్ర చిత్రకారులు ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టుకున్నారు. సూజా, రజా, హుస్సేన్ పేర్లు పేపర్లలో చూసే ఉంటారు. అందులోనే కె.హెచ్. ఆరా ఉన్నాడు. కృష్ణాజీ హౌలాజీ ఆరా. 1914లో సికింద్రాబాద్ పక్క బొల్లారంలో పుట్టాడు. డ్రైవరు కొడుకు. చిన్నప్పుడే ముంబై చేరి కార్లు తుడిచాడు, ఇళ్లలో పనికి కుదిరాడు. ఏ పెద్ద ఆర్ట్ స్కూలూ ఆయన్ని తయారుచెయ్యలేదు, సొంతంగా నేర్చుకున్నాడు. ఒక పత్రికలో కళ గురించి రాసే జర్మన్ దేశస్తుడి కంటపడ్డాడు. 1942లో సొంత ఎగ్జిబిషన్. తర్వాత కాలా ఘోడాలోని ఆర్టిస్ట్స్ సెంటర్‌ను నిలబెట్టడంలో ఆయన చెయ్యి ఉంది. 1985లో పోయాడు. మన పాఠం పుస్తకాల్లో ఆయన పేరు చదివిన గుర్తు మాలో ఒక్కరికీ లేదు. బొల్లారం మీదుగా ఎన్నిసార్లు పోయుంటాం!

ఆరా కథ విని సంబరపడి ఊరుకోవద్దు. ఒక్క పెద్దమనిషి కన్ను పడ్డది కాబట్టి ఆరా ఆరా అయ్యాడు. అదే ముంబైలో ఇంటి పనికి కుదిరి, బొగ్గు ముక్కతో వంటింటి గోడ మీద గీసిన పిల్లలు ఎంతమందో? ఈ నగరంలో కామాఠీపుర అనే పేటకు ఆ పేరొచ్చింది మనవైపు నుంచి వలసపోయిన తెలుగు కామాఠీల వల్లే. రాళ్లు మోశారు, ఇళ్లు కట్టారు. పేటకు వాళ్ల పని పేరు మిగిలింది, వాళ్ల పేర్లు మిగల్లేదు.

డబ్బు సంగతికి వద్దాం. 1954లో హుస్సేన్ 'గ్రామ యాత్ర' అని దాదాపు 14 అడుగుల బొమ్మ గీశాడు. పల్లె బతుకు మీద పదమూడు చిన్న చిన్న దృశ్యాలు. ఒక డాక్టరు కొని నార్వే తీసుకెళ్తే, ఆస్లోలో ఒక ఆస్పత్రిలో ఏళ్ల తరబడి ఉంది. 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో దానికి 1 కోటి 37 లక్షల డాలర్ల పైన వచ్చింది, మన డబ్బులో 118 కోట్ల దాకా. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. లెక్కేశాం: ఆ బొమ్మ ధర 38 లక్షల పనిదినాలు. హుస్సేన్ మీద మాకు కోపం లేదు, సినిమా బోర్డులు గీసి పైకొచ్చిన మనిషి. పైగా వేలం డబ్బు గీసినవాడి ఇంటికి రాదు, అమ్మినవాడికి పోతుంది. మా బాధల్లా, బొమ్మలోని పల్లెకు ఉన్న విలువ పల్లెకు లేకపోవడం.

రెండు స్టూడియోలు చూశాం. ఒకటి పేరున్న కళాకారుడిది, పాత గోదాములో. ఎనిమిది మంది పనివాళ్లు వెల్డింగ్ చేస్తున్నారు, అచ్చులు పోస్తున్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, టీ ఇప్పించాడు. సంతకం ఆయనది, చెయ్యి వాళ్లది. ఎగ్జిబిషన్‌లో వాళ్ల పేర్లుంటాయా అని అడిగితే "అలా రాసే పద్ధతి లేదు" అన్నాడు. మేస్త్రీ పేరు లేని గుడి శిలాఫలకం గుర్తొచ్చింది.

రెండోది పదడుగుల గది. అందులోనే పొయ్యి, మంచం, ఇద్దరు పిల్లలు. అంబేడ్కర్ ఉద్యమంలో పెరిగిన కుర్రాడు, ఆర్ట్ స్కూలు చదివాడు. పెద్ద బొమ్మ గియ్యాలంటే పిల్లల్ని పక్కింట్లో పడుకోబెట్టాలి. గీసిన గుడ్డల్ని చాపల్లా చుట్టి అటక మీద పెట్టాడు. ఒక్కోటి దించి నేల మీద పరిచాడు. మాన్‌హోల్ పక్కన నిలబడ్డ ఒక జత చెప్పులు. అంతే, మనిషి లేడు. అక్క ఆ బొమ్మ దగ్గర నవ్వలేదు.

మనవాళ్లు ఎవరెవరు గీశారో ఆ కుర్రాడే చెప్పాడు. నాగపూర్‌లో పుట్టిన సవి సావర్కర్ (ఆ సావర్కర్ కాదు!) పీష్వాల కాలంలో మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకు తిరిగిన మనిషిని గీశాడు. మన జోగినుల్లాంటి దేవదాసీలను గీశాడు. పుణె అమ్మాయి రాజ్యశ్రీ గూడీ మనుస్మృతి కాగితాలను నానబెట్టి గుజ్జు చేసి, ఆ గుజ్జుతో కళ చేసింది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ తగలబెట్టిన పుస్తకమే. ముంబై పారిశుద్ధ్య కార్మికుల ఫోటోలు తీసిన సుధారక్ ఓల్వే, విఖ్రోలీలో పెరిగి ఉద్యమాన్నే గీస్తున్న విక్రాంత్ భీసే. వీళ్ల పేర్లు గ్యాలరీల వాళ్లకు తెలుసు. ఉద్యమంలో ఇన్నేళ్లున్న మాకు సగం తెలియదు.

వచ్చేముందు ఆ కుర్రాడు ఒక మాటన్నాడు. "అన్నా, గ్యాలరీ వాళ్లొచ్చి బొమ్మలడుగుతారు. సగం దాకా వాళ్లే ఉంచుకుంటారు, మిగతాది ఇస్తారు. ఉద్యమం వాళ్లొచ్చి పోస్టర్లు అడుగుతారు. జై భీమ్ చెప్పి తీసుకుపోతారు. ఇద్దరిలో ఎవరి మీద కోప్పడాలి?"

మా దగ్గర జవాబు లేదు. రైల్లో కూడా దొరకలేదు. ఆ ఎనిమిది మంది పేర్ల గురించి గోదాములో పెద్దమనిషిని అడిగొచ్చాం కదా, మన సంగతేంటి? ఇరవై ఏళ్ల కింద మన సభలకు బట్ట మీద నీలం అక్షరాలు రాసిన పెయింటర్లు ఎవరు? వాడ గోడ మీద బాబాసాహెబ్ బొమ్మ గీసిన పిల్లగాడు ఎవరు? ఒక్క పేరు మన రిపోర్టుల్లో లేదు. ఫ్లెక్సీ రాగానే వాళ్లను వదిలేశాం. ఇప్పుడు వాళ్లలో కొందరు ఇళ్లకు సున్నాలేస్తున్నారు. ఫ్లెక్సీకి అడిగినంత కట్టి, మనిషికి చాయ్ పోసి పంపినవాళ్లం మనమే.

మండల కమిటీలకు ఒక పని చెప్తున్నాం. పిల్లల్ని ఒకసారి హైదరాబాద్ తీసుకుపోండి. మాదాపూర్‌లో రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీ ఉంది, సాలార్‌జంగ్ ఉంది. గేటు దగ్గర సంకోచపడొద్దు, ఎవరైనా డెలివరీనా అని అడిగితే బొమ్మలు చూస్తం అని చెప్పండి. ఏం చూశారో, ఏది తప్పనిపించిందో పిల్లల మాటల్లోనే రాసి పంపండి, వేస్తాం. అంబేడ్కర్ భవనం గోడ మీద బొమ్మ వేయిస్తే కూలి ముందే మాట్లాడుకుని, గీసినవాళ్ల పేరు బొమ్మ కింద రాయించండి. పాత బ్యానర్ పెయింటర్లు మీ ఊళ్లో ఉంటే వివరాలు రాయండి.

ఈ సంచిక అట్ట మీది బొమ్మ మన జిల్లా పిల్లదే. 500 రూపాయలిచ్చాం. తక్కువే, ఆమెకూ చెప్పాం. పేరు రెండో పేజీలో సంపాదకుల పేర్ల పైన వేశాం.