గట్టు మీద నిలబడితే నేల కనిపించదు

ఉగాది వెళ్లిందంటే పల్లెల్లో కౌలు బేరాలు మొదలవుతాయి. రచ్చబండ దగ్గర నలుగురు కూచుంటారు. ‘ఏం కాకా, చెలక గట్టిదేనా?’ అని అడుగుతాడు పట్టబోయేవాడు. ‘గట్టిదే బిడ్డా, పోయినేడు పత్తి మంచిగ ఎల్లింది’ అంటాడు ఇచ్చేవాడు. బోరుందా, మోటారు ఎవరిది, బండి పోయే బాట ఉందా, అడవి పందులొస్తాయా... అన్నీ మాట్లాడుకుంటారు. కౌలు ఎంతన్న దగ్గర గంటసేపు గుంజులాట. చివరికి బయానా చేతులు మారుతుంది. అప్పుడు చేను చూడటానికి వెళ్తారు. గట్టు మీద నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు చూస్తారు. దిగి ఒక మట్టిగడ్డ నలిపి చూసేవారు కొందరు. పార తెచ్చి మూడడుగులు తవ్వి చూసేవారు? ఊరికి ఒక్కరుంటే గొప్ప!

పెళ్లిసంబంధానికి ఏడు తరాలు ఆరా తీసే మనిషి, ఏడాది తిండి, పిల్లల ఫీజులు, షావుకారు బాకీ అన్నీ ఆధారపడ్డ నేలను మాత్రం పైరంగు చూసి ఒప్పేసుకుంటాడు.

పక్కపక్కనే రెండు చెలకలు. రెండూ ఎర్రగానే ఉంటాయి. ఒకే వాన, ఒకే విత్తనం, ఒకే రకం ఎరువు. ఒకదాంట్లో నాలుగడుగుల దాకా మెత్తటి మట్టి. రెండోదాంట్లో అడుగున్నరకే గరుసు, అంటే మొరం తగులుతుంది. పైనుంచి చూసేవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? తెలియదు. ఆగస్టులో వాన మొహం చాటేసినప్పుడు మొక్కకు తెలుస్తుంది.

కాస్త లెక్క వేసి చూద్దాం. అడుగు లోతు చెలక మట్టి, మొక్క పీల్చుకోగలిగే నీటిని సుమారు 30 మిల్లీమీటర్లు దాచుకుంటుంది. అదే అడుగు నల్లరేగడి అయితే 50 మిల్లీమీటర్లకు పైనే. పూత, కాయ మీదున్న పత్తి రోజుకు దాదాపు 5 మిల్లీమీటర్లు తాగుతుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు అంటే సుమారు 4 వేల లీటర్లు. ఈ లెక్కన అడుగున్నర చెలక తడిసి ముద్దయినా దాని కుండలో ఉండేది 45 మిల్లీమీటర్లే. తొమ్మిది రోజుల్లో ఖాళీ! నిజానికి అంతకన్నా ముందే ఆకు వడలుతుంది. కుండలో నీళ్లు సగానికి తగ్గాక మిగిలినవి లాక్కోవడం మొక్కకు కష్టం. నాలుగడుగుల రేగడిలో 200 మిల్లీమీటర్లకు పైగా నిల్వ ఉంటుంది. రెండు మూడు వారాలు చినుకు పడకపోయినా అక్కడి పత్తి ఓర్చుకుంటుంది. తెలుగునాట వర్షాకాలం మధ్యలో రెండు మూడు వారాలు ఎండబెట్టడం కొత్తేమీ కాదు కదా.

ఇంకో చిక్కుంది. పత్తి ఆరు నెలల పంట. నైరుతి వానలు అక్టోబరు నడిమికల్లా సెలవు తీసుకుంటాయి. కాయ గట్టిపడేది, పగిలేది ఆ తర్వాతే. అంటే పత్తి పంట సగం బతుకు వానతో, మిగతా సగం నేల దాచిన నీటితో. దాచుకునే చోటే లేని నేలలో మొదటి తీత వస్తుంది, రెండోది అంతంతమాత్రం, మూడోది కలే. ఆ చెలకల్లోనే మూడు నెలలైనా నిండకుండా ఇంటికొచ్చే పెసర, నువ్వు, బెట్టను తట్టుకునే ఆముదం నిలబడతాయి. వేరుశనగకైతే తేలిక నేలే ఇష్టం. ఊడలు సులువుగా మట్టిలోకి దిగుతాయి, పీకితే కాయ తెగకుండా వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో ఎర్రనేలలన్నీ వేరుశనగతో నిండిపోవడానికి ఒక కారణం ఇదే.

మరి చెలకల్లో పత్తెందుకు పెడుతున్నారు? 2020 వానాకాలంలో తెలంగాణలో పత్తి 60 లక్షల ఎకరాల దరిదాపులకు వెళ్లింది. అంత రేగడి ఎక్కడుంది? రైతుకు తెలియక అనుకుంటే పొరపాటు. పల్లీ వేస్తే అడవి పందులు ఒక్క రాత్రిలో చేను దున్నేసిపోతాయి. జొన్న వేస్తే పిట్టలు, మక్క వేస్తే కోతులు. పత్తి జోలికి కోతి రాదు. ఆముదం కొనేవాళ్లు ఎక్కడో ఉంటారు, పత్తి కొనేవాడు ఊళ్లోకే వస్తాడు. విత్తనం, ఎరువు అప్పుగా ఇచ్చే దుకాణం పత్తికే ఇస్తుంది. నేల ఒకటి చెబుతుంటే, అంగడి మరొకటి చెబుతోంది. రైతు రెండోదాని మాట వింటున్నాడు. తప్పంతా అతని మీద నెట్టేసి ‘పంట మార్చండి’ అని ఉపన్యాసం చెప్పడం సులువే. కనీసం తన నేల ఎంత బరువు మోయగలదో ముందే తెలిస్తే, ఎంత అప్పు చెయ్యొచ్చో ఎక్కడ ఆగాలో అతనికి తెలుస్తుంది.

‘భూసార పరీక్షలు చేయిస్తున్నారుగా’ అనొచ్చు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం సాయిల్ హెల్త్ కార్డుల పథకం మొదలుపెట్టింది. కార్డులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, బోరాన్ వంటి పోషకాలు, ఉదజని సూచిక, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం. మంచిదే. ఏ ఎరువు ఎంత వేయాలో చెప్పడానికి ఆ కార్డు చాలు. కానీ దానికోసం తీసే మట్టి పై ఆరంగుళాలదే. ఆ కింద ఏముంది? మొరం ఎక్కడ తగులుతుంది? నీళ్లు దిగుతాయా, నిలుస్తాయా? వాలు ఎంత? ఈ ప్రశ్నలకు కార్డులో గడే లేదు. పైగా నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు, మెట్టలో పది హెక్టార్లకు ఒక నమూనా తీశారు. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. అందులో పది మంది రైతులుండొచ్చు, మూడు రకాల నేలలుండొచ్చు. మందుల చీటీ చేతికొచ్చింది గానీ, ఒళ్లు తట్టి చూసినవాడు లేడన్నమాట.

నేలను బేరీజు వేసే శాస్త్రం లేక కాదు. అమెరికావాళ్లు 1961లోనే భూముల్ని ఎనిమిది తరగతులు చేశారు. మొదటి నాలుగూ దున్నడానికి, మిగిలినవి పచ్చికకు, అడవికి. దాంట్లో ఒక లోపముంది. మంచి నేల, చెడ్డ నేల అని ముద్ర వేసేస్తుంది. 1976లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆ ప్రశ్ననే మార్చింది. ‘ఈ నేల మంచిదా?’ అని కాదు, ‘దేనికి మంచిది?’ అని అడగమంది. ఒక్కో పంటకు విడివిడిగా చూసి ఎంతో అనుకూలం, ఒక మోస్తరు, అంతంతమాత్రం, పనికిరాదు అని తేల్చమంది. అలా చూస్తే అడుగున్నర చెలక పత్తికి అంతంతమాత్రం, పెసరకు ఫర్వాలేదు. నేల చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. అడిగే పంటను బట్టి జవాబు.

మన దేశంలో ఈ పనికి నాగ్‌పూర్‌లో జాతీయ నేలల సర్వే సంస్థ ఉంది. అదీ 1976లో పుట్టిందే. పటాలు గీసింది. కానీ 1:50,000 స్కేలు పటం మీద రెండెకరాల చేను ఎంతుంటుందో తెలుసా? ఆవగింజంత! ఆ పటం ప్రభుత్వానికి దారి చూపుతుంది. రైతుకు చూపేది పారే.

నేల స్వభావం తెలిస్తే నష్టం తప్పించుకోవడమే కాదు, దాగి ఉన్న దిగుబడీ బయటకొస్తుంది. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పెట్టినప్పుడు ఆ చోటుకున్న ఒక సుగుణం, ఎర్రనేల, నల్లనేల రెండూ ఒకే ఆవరణలో ఉండటం. లోతైన రేగడిని వానాకాలమంతా బీడు పెట్టి, వానలు వెనకపట్టాక జొన్నో శనగో వేయడం పాత అలవాటు. తడిసిన రేగడిలో గొర్రు కదలదు, కాలు దిగబడుతుంది. అక్కడి శాస్త్రవేత్తలు వెడల్పాటి మడులు, మధ్యలో కాలువలు చేసి, వానకు ముందే పొడి దుక్కిలో విత్తి రెండు పంటలు తీశారు. 1976 నుంచి సాగుతున్న ఆ ప్రయోగంలో పాత పద్ధతిలో హెక్టారుకు సుమారు ఒక టన్ను ధాన్యం వస్తే, కొత్త పద్ధతిలో సగటున ఐదు టన్నుల దాకా వచ్చింది. నేల అదే, వాన అదే. ఎర్రనేలలో ఈ ఎత్తు ఇంతగా పారదు. దాచుకునే చోటు తక్కువ కదా!

అలాగని నల్లగా ఉన్నదంతా బంగారమనుకోవద్దు. నగరంలో ఉద్యోగాలు చేస్తూ ఊళ్లో ఐదెకరాలు కొని తోట పెడదామనుకునేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బత్తాయి మొక్కలు మొదటి మూడేళ్లు నవనవలాడుతూ పెరుగుతాయి. వేరు కిందికి దిగి సున్నపు పొర తగిలాక ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి. ఇనుపధాతు లోపమంటారు, మందు కొట్టమంటారు. కొడితే నాలుగు రోజులు పచ్చబడుతుంది, మళ్లీ మామూలే. అప్పటికే పాతిన ఖర్చు, పెంచిన ఏళ్లు పోయాయి. అందుకే పండ్లతోటలకు ఆరడుగుల దాకా తవ్వి, అడుగుకో నమూనా చొప్పున విడివిడిగా పరీక్ష చేయించమని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏళ్లుగా చెబుతున్నాయి. లక్షలు పోసి భూమి కొనేటప్పుడు పాసుపుస్తకం, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపిస్తారు. జేసీబీతో ఒక గొయ్యి తీయించడానికయ్యే ఖర్చు ఆ వకీలు ఫీజు ముందు ఎంత? గరుసు నేలే వచ్చిందనుకోండి, సీతాఫలం, రేగు, ఉసిరి ఉండనే ఉన్నాయి.

ఈ మధ్య ఆయిల్ పామ్ జోరు పెరిగింది. 2021లో కేంద్రం ప్రత్యేక మిషన్ కూడా తెచ్చింది. ఎకరానికి 57 చెట్లు. ఎదిగిన చెట్టు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్లు అడిగినా, ఎకరానికి 11 వేల లీటర్లు దాటుతుంది. పాతికేళ్లకు పైగా ఉండే తోట ఇది. ఇక్కడ నేలకన్నా ముందు చూడాల్సింది మే నెలలో బోరు ఎంత పోస్తుందన్నది. వర్షాకాలంలో బోరు చూసి తోట పెట్టడం, పండగనాడు పిల్లను చూసి రోజూ పట్టుచీరే కడుతుందనుకోవడం లాంటిది.

ఇంతకీ గొయ్యిలో ఏం చూడాలి? పంట తీశాక, వానలు రాకముందు తవ్వడం మేలు. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట వద్దు. చేను వాలుగా ఉంటే పైకొసన ఒకటి, కిందికొసన ఒకటి. పైమట్టి కొట్టుకుపోయి కిందికి చేరుతుంది కాబట్టి రెండూ ఒకలా ఉండవు. మూడడుగులు దిగాక ఎండ పడే వైపు గోడను కత్తితో నున్నగా చెక్కితే పొరలు కనిపిస్తాయి. పాత పంట వేర్లు ఎంతదాకా దిగాయో అక్కడే రాసి ఉంటుంది. పత్తి కట్టె పీకేటప్పుడు గమనించినా చాలు. తల్లివేరు ముల్లుగర్రలా నిటారుగా వస్తే లోతున్నట్టు. ఎల్ ఆకారంలో పక్కకు వంగిందంటే, కింద గట్టిపొర అడ్డం పడిందన్నమాట. గుప్పెడు మట్టి తడిపి బొటనవేలితో చూపుడువేలి మీదుగా నెట్టి చూడాలి. చెలక వెంటనే తునిగిపోతుంది. రేగడి రిబ్బనులా రెండంగుళాలు సాగుతుంది. గోడలో బూడిదరంగు మీద తుప్పు మచ్చలుంటే అక్కడ నీళ్లు నిలుస్తాయని గుర్తు. తెల్లటి సుద్దరాళ్లు ఉంటే, పలుచటి యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. సున్నం! చివరగా రెండు బిందెల నీళ్లు గోతిలో పోసి ఇంటికి పోవాలి. తెల్లారి చూస్తే ఇంకిందో, అలాగే ఉందో తెలిసిపోతుంది.

చౌడు ఉంటే వేసవిలో పైనే కనబడుతుంది. తెల్లగా పేరుకుంటే పాలచౌడు, మంచినీళ్లు పెట్టి కడిగి బయటికి పంపాలి. నల్లగా, తడిస్తే జిడ్డుగా ఉంటే కారుచౌడు, జిప్సం వేయందే లొంగదు. రెంటికీ ఒకే మందు వేసి డబ్బు పోగొట్టుకునేవారున్నారు.

లోతు లేని చెలకకు మందు లేదా అంటే, కొంత ఉంది. చెరువు మట్టి. తాతల కాలం నుంచి ఎండాకాలంలో బండ్లు కట్టి తోలిందే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు చాలామంది ట్రాక్టర్లతో చెలకలకు తోలుకున్నారు. ఆ జిగురుమట్టి నీటిని పట్టి ఉంచుతుంది. అయితే కౌలుకు ఏడాదే రాసిచ్చిన చేనుకు ఎవరు తోలుతారు? కౌలుదారుకు పైఏడు ఆ చేను ఉంటుందో లేదో తెలియదు. యజమాని పట్నంలో ఉంటాడు. మట్టి చెరువులోనే ఉంటుంది.

గొయ్యి తవ్విన చోట మాత్రం బేరం మళ్లీ మొదటికొస్తుంది. పార పక్కన పెట్టి, చేతికంటిన మొరం దులుపుకుంటూ కౌలుదారు అడుగుతాడు.

‘అడుగున్నరకే గరుసు తగిలె గదా కాకా. మరి పోయినేడు పత్తి ఎట్ల ఎల్లింది?’

పెద్దాయన గొయ్యిలోకి ఓసారి తొంగి చూసి, తువాలు భుజం మీద సర్దుకుంటాడు.

‘పోయినేడు వానలు మంచిగ పడ్డయి బిడ్డా...’