ఆకాశవీథిని ఊడ్చువారు

అంతరిక్షమును గురించి లోకమున వెలసిన కథలలో పెక్కు విజేతల కథలే. పరగ్రహముపై తొలి అడుగు మోపువాడు, అజ్ఞాతలోకములను కనుగొనువాడు, శత్రునౌకలను భస్మీపటలము చేయువాడు మున్నగు మహావీరులే వానికి నాయకులు; వారి నౌకలను బాగుచేయువారు గాని, వారు పారవైచి పోయిన దానిని ఏరువారు గాని ఆ కథలలో మచ్చునకైనను కానరారు. 1999వ సంవత్సరమున జపాను దేశములో, కొదాన్షా సంస్థవారి ‘మార్నింగ్’ వారపత్రికయందు, అప్పటికి ఇరువదిరెండేండ్ల ప్రాయమువాడైన యుకిమురా మకొతో ‘ప్లానెటెస్’ అను బొమ్మల కథను ప్రారంభించి, ఈ సంప్రదాయమును తలక్రిందులు చేసెను. అతని నాయకులు భూకక్ష్యలో చెత్త యెత్తు కూలివారు. 2004లో ముగిసి, నాలుగు సంపుటములుగా వెలువడిన ఈ మాంగా, అనగా జపాను బొమ్మల కథ, మానవుని అంతరిక్షయాత్రను గురించి మన కాలమున వచ్చిన కల్పనలలో మిక్కిలి సత్యమైనదని నా దృఢవిశ్వాసము. దానిని తెలుగువారు చదువవలెననియు, అట్టి కథలను మన భూమినుండి మనవారును సృష్టింపవలెననియు మనవి చేయుటకే ఈ వ్యాసము.

కథాకాలము 2075 ప్రాంతము. చంద్రునిపై గనులు త్రవ్వబడుచున్నవి, నగరములు వెలసినవి, అంగారకునికి రాకపోకలు సాగుచున్నవి. అయితే భూమి చుట్టును నూరేండ్లకు పైబడి పేరుకొనిన పాత ఉపగ్రహములు, రాకెట్టు తొడుగులు, మరలు, మేకులు అడుగడుగునను మృత్యువై తిరుగుచున్నవి. వానిని పట్టి తెచ్చుటకై ‘టాయ్ బాక్స్’ అను ముదుసలి నౌక యొకటి కలదు. దానిలో సొంత వ్యోమనౌకను గొనవలెనని కలలు గను జపాను యువకుడు హచిమకి, మితభాషియైన రష్యనుడు యూరి, ఎంతకును తెగని సిగరెట్టు వ్యసనము గల అమెరికను వనిత ఫీ కార్మైకేల్ ఉద్యోగులు. వీరికి బిరుదములు లేవు, ఊరేగింపులు లేవు. చేయవలసిన పని, చాలీచాలని జీతము మాత్రమే కలవు.

మొదటి అధ్యాయమే ఈ కథ యెట్టిదో తేల్చివేయును. యూరి ఒకప్పుడు భార్యతో గూడి అంతరిక్షయానము చేయుచుండగా, ఎచ్చటినుండియో దూసుకొనివచ్చిన చిన్న చెత్తముక్క నౌకను ఛేదించెను; ఆమె పోయెను, ఇతడు మిగిలెను. ఆమె వెంట నుండిన దిక్సూచి ఆ శూన్యములో ఎచ్చటనో తిరుగుచునే యుండునన్న ఆశతో, అతడు చేతికందిన ప్రతి శకలమును తిప్పి తిప్పి చూచును. తుద కది అతని చేత చిక్కును. ఒక మనిషి దుఃఖమును, ఒక వృత్తి స్వభావమును, ఒక యుగము చేసిన అపరాధమును ఇంత చిన్న వస్తువులో నిమిడ్చి చూపిన రచయితలు ఏ భాషలోనైనను కొద్దిమందియే యుందురు.

ఇది కేవలము కవికల్పన కాదు. భూమికి దగ్గరి కక్ష్యలలో తిరుగు వస్తువు వేగము సెకనుకు 7 కిలోమీటర్లకు మించియుండును. ఆ వేగమున వచ్చిన చిన్న మేకు సైతము నౌకను చీల్చగలదు. ఒక తాకిడిలో పుట్టిన ముక్కలు మరి కొన్నింటిని తాకి, అవి మరి కొన్నింటిని తాకి, తుదకు కొన్ని కక్ష్యలు శకలములతో నిండిపోయి నిరుపయోగము లగునని డోనాల్డ్ కెస్లర్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు తన సహచరునితో గూడి 1978లోనే హెచ్చరించెను. యుకిమురా ఈ కథ నారంభించిన పదేండ్లకు, 2009 ఫిబ్రవరి 10న, సైబీరియా పైన సుమారు 790 కిలోమీటర్ల యెత్తున, పనిచేయుచున్న ఇరిడియం ఉపగ్రహమును పనిమానిన రష్యా కాస్మాస్ ఉపగ్రహము ఢీకొని, రెండును తునాతునకలైనవి. అంతకు రెండేండ్లకు ముందు చైనా తన ఉపగ్రహమును తానే క్షిపణితో కొట్టి, గుర్తింపదగిన పరిమాణము గల ముక్కలనే 3,000కు పైగా లోకమున కంటగట్టెను. ఇందులో మనమును పూర్తిగా నిర్దోషులము కాము: 2019 మార్చి 27న మనవారు జరపిన ‘మిషన్ శక్తి’ ఉపగ్రహధ్వంస పరీక్ష తక్కువ యెత్తుననే జరిగినందున శకలములలో అధికభాగము త్వరలోనే వాతావరణమున బడి కాలిపోయినను, కొన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు పై యెత్తులకు సైతము ఎగసినవి. నేడు 10 సెంటీమీటర్లకు మించిన వస్తువులు 40,000కు పైగాను, ఒక సెంటీమీటరుకు మించినవి పది లక్షలకు పైగాను భూమి చుట్టును తిరుగుచున్నవని యూరోపు అంతరిక్ష సంస్థ అంచనా. 1958లో ప్రయోగింపబడిన అమెరికా ఉపగ్రహము వాన్‌గార్డ్-1 మూగబోయి యేండ్లు గడచినను, ఇప్పటికిని కక్ష్యలో తిరుగుచునే యున్నది.

ఇది ఎవరికో దూరపు దేశమువారికి సంబంధించిన సంగతి యని మనము ఊరకుండుటకు వీలులేదు. 2021 నవంబరులో రష్యా తన పాత ఉపగ్రహమును పేల్చివేసిన దినమున, అంతరిక్ష కేంద్రములోని ఏడుగురును ప్రాణభయముతో తమ తమ నౌకలలో తలదాచుకొనవలసి వచ్చెను. హైదరాబాదునుండి అమెరికాకు వలసవెళ్లిన తండ్రికి జన్మించిన రాజా చారి ఆ యేడుగురిలో నొకడు, అచ్చటికి చేరి ఇంకను వారమైన కాలేదు. 2023 జులై 14న మన శ్రీహరికోటనుండి చంద్రయాన్-3 బయలుదేరినప్పుడు, దేశమంతయు కరతాళధ్వనులు చేసిన ఆ ఘడియలో, ప్రయోగసమయమును 4 సెకనులు వెనుకకు జరపిరన్న సంగతి ఎందరికి తెలియును? దారిలో వేరొక వస్తువు తారసపడు ప్రమాదము కలదని లెక్కలు చెప్పినందున మన శాస్త్రజ్ఞులు ఆ నాలుగు సెకనులును ఓపిక పట్టిరి. చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగిన మన కీర్తి వెనుక, ఎవరో పారవైచిన చెత్తను కాచుకొనియుండిన ఆ నాలుగు సెకనులును ఉన్నవి. యుకిమురా కథ నడచునది సరిగా ఇట్టి ఘడియలలోనే.

వాస్తవికత యన యంత్రముల కొలతలు తప్పకుండుట మాత్రమే కాదు. శరీరములకు జరుగు దానిని దాచకుండుట. కాలు విరిగి చంద్రునిపై ఆసుపత్రిలో చేరిన హచిమకికి అచ్చట ఇరువురు పరిచితులగుదురు. ఒకడు వృద్ధ వ్యోమగామి రోలండ్. జీవితమంతయు అంతరిక్షమున గడపి, వికిరణమువలన వ్యాధిగ్రస్తుడై, ఇక విశ్రాంతికై భూమికి పొమ్మన్నచో పోజాలక, చంద్రుని నేలపైననే ప్రాణములు విడుచును. రెండవది నోనో యను బాలిక. చూచువారికి ఎదిగిన యువతివలె నుండు నామె వయస్సు పండ్రెండేండ్లే. చంద్రునిపై పుట్టి, భూమి ఆకర్షణలో ఆరవవంతుననే పెరిగిన ఆ యెముకలు భూమిపై ఆమెను నిలువనీయవు. రోలండుకు చంద్రుడు విడువరాని వ్యసనము. నోనోకు అదియే జన్మభూమి, అదియే చెర. భారరహితస్థితిలో వ్యోమగాముల యెముకలు నెలకు నూటికి ఒక పాలు చొప్పున క్షీణించునని వైద్యులు చెప్పిన లెక్కను మనము చదివి మరచిపోవుదుము. నోనోను చూచినవారు ఆ లెక్కను మరువలేరు.

నాకు ఈ రచనలో అన్నిటికంటె గొప్పదిగా తోచునది బృహస్పతియాత్రా ఘట్టము. హీలియం-3 అను ఇంధనముకొరకు ఏడేండ్ల ప్రయాణమునకై సిద్ధమగుచున్న మహానౌకకు ‘వాన్ బ్రాన్’ అని నామకరణము చేసిరి. మానవుని చంద్రునికి పంపిన రాకెట్టు నిర్మాతయగు వాన్ బ్రానే, అంతకుముందు హిట్లరు కొరకు నిర్మించిన వి-2 అస్త్రముల తయారీలో నిర్బంధశిబిరముల ఖైదీలు వేలకొలది మరణించిరన్న చరిత్ర తెలిసిన పాఠకుడు ఆ పేరును నిర్లిప్తతతో చదువజాలడు. ఆ నౌక యంత్రము పరీక్షలో పేలిపోయి వందలమంది ఒక్క గడియలో మసియగుదురు. యాత్రాధిపతియైన లాక్‌స్మిత్ పదవి విడువడు, కన్నీరు కార్చడు. మరల యంత్రమును కట్టించును. రచయిత అతనిని రాక్షసునిగా చిత్రింపలేదు, మహర్షిగాను చిత్రింపలేదు. ఇట్టివాడు లేకున్న యాత్ర సాగదనియు, ఇట్టివానిని క్షమించుట తగదనియు రెండును ఒక్కమారే మనకు తోచునట్లు చేసి ఊరకుండెను.

ఈ ఘట్టమును చదివినప్పుడు తెలుగువాని మనస్సు శ్రీహరికోటకు పోకతప్పదు. 2004 ఫిబ్రవరిలో అచ్చటి ఘన ఇంధన కర్మాగారమున సంభవించిన ప్రమాదములో ఆరుగురు మరణించిరి. అంతకు చాల పూర్వమే, ఆ దీవిని ప్రయోగకేంద్రమునకై తీసికొన్నప్పుడు, తరతరములుగా ఆ యడవిని నమ్ముకొని బ్రదికిన యానాదులు తమ నెలవులను విడిచిపెట్టిరి. 1971లో అచ్చటినుండి తొలి రోహిణి రాకెట్టు ఎగసినది మొదలు నేటివరకు మనము సాధించినదంతయు నిక్కముగా గర్వకారణమే. నేను దానిని కొంచెమైనను తక్కువ చేయను. కాని సాధించినవారి పేర్లు మన పిల్లలకు కంఠతా వచ్చుచుండగా, మూల్యము చెల్లించినవారిని గూర్చి ఒక్క కథయైనను వారికి చెప్పకుండుట న్యాయము కాదు.

యుకిమురా ఒంటరివాడు కాడు. కొయామా చూయా 2007 చివరనుండి అదే పత్రికలో నడపిన ‘స్పేస్ బ్రదర్స్’లో వ్యోమగామి యగుట యనగా, అపరిచితులతో రెండువారములు మూసిన గదిలో నుండి, విసుగును అసూయను జయించుట. యాగినుమా కో చిత్రించిన ‘ట్విన్ స్పైకా’లో మనుష్యులను మోసికొనిపోవు రాకెట్టు నగరముపై కూలి, ఆ ప్రమాదముచే తల్లిని కోల్పోయిన బాలికయే పెరిగి వ్యోమవిద్యాలయమున చేరును. జపానునందే ఇట్టి రచనలు ఇన్ని వెలువడుటకు కారణము లేకపోలేదు. ఉపగ్రహములను, గ్రహాంతర నౌకలను స్వయముగా పంపుచున్నను, ఆ దేశము తన మనుష్యులను మాత్రము ఇతరుల నౌకలలోనే పంపుచు వచ్చెను. జెండా నాటువాని కంటె, సీటు కొరకు వేచియుండువాని మనస్సును, బృందములో తన వంతు పనిని నిర్వర్తించువాని మనస్సును వారి రచయితలు చక్కగా నెరుగుదురు. 1984లో రాకేశ్ శర్మను సోయుజ్ నౌకలోను, 2025లో శుభాంశు శుక్లాను అమెరికా వాణిజ్యనౌకలోను పంపిన మనకును ఆ మనఃస్థితి సుపరిచితమే.

‘ప్లానెటెస్’ దోషరహిత మనుట లేదు. తుది సంపుటములలో హచిమకి అంతస్సంఘర్షణకు ప్రేమయొక్కటే సమాధానమని కథ త్వరపడి నిశ్చయించినట్లు నాకు తోచును; పనివారి దైనందిన జీవితమును చిత్రించిన పుటలకున్న బలము ఆ ఉద్బోధలకు లేదు. అయినను ఈ కథకు మూలబలమైన విశ్వాసము చెక్కుచెదరదు. అంతరిక్షయాత్రలకు అడ్డుకట్ట వేయదలచిన ఉగ్రవాదులు ఉపగ్రహమొకదానిని అంతరిక్ష కేంద్రముపైకి త్రోసినప్పుడు, ఫీ తన ముదుసలి నౌకనే అడ్డముగా నడపి దారి మళ్లించును. లోకమును కాపాడినది చెత్తబండి. ఇందులో హాస్యము లేదు. రచయిత మనఃపూర్వకముగా చెప్పిన మాట యిది.

ఆ మాట నేడు కార్యరూపము దాల్చుచున్నది. 2024లో జపానుకు చెందిన ఆస్ట్రోస్కేల్ సంస్థవారి నౌక, 2009లో ప్రయోగించి విడిచిన జపాను రాకెట్టు తుదిదశను కక్ష్యలో వెదకి కనుగొని, దానికి 15 మీటర్ల దూరము వరకు చేరెను. యుకిమురా గీసిన పనికి అది తొలి మెట్టు. అదే యేట మన ఇస్రో, 2030 నాటికి భారతదేశపు ప్రయోగము లేవియు అంతరిక్షమున చెత్త మిగుల్పరాదని సంకల్పము ప్రకటించెను. ఆ సంవత్సరము మార్చిలోనే పి.ఎస్.ఎల్.వి. తుదిభాగ మొకదానిని క్రిందికి దించి, వాతావరణములో దగ్ధమగునట్లు చేసి, దారి చూపెను. ఇట్టి సంకల్పములు ప్రకటనలతో నిలువవు. ప్రజలు వానిని తమవిగా నెంచి అడుగుచుండవలెను. ప్రజల కట్టి యెరుక కలుగుటకు నివేదికలు చాలవు, కథలు కావలెను.

బొమ్మల కథలు పసిపిల్లల కాలక్షేపమని తలచువారికి ఒక్క మాట. 1947లో మొదలైన ‘చందమామ’ను బొమ్మలు చూచుచు చదివి పెరిగిన తెలుగు జాతికి, చిత్రమును కథయు కలిసినప్పుడు కలుగు శక్తిని వేరుగా చెప్పవలసిన పనిలేదు. నేడు మన యువకులు జపాను కథలను ఆంగ్లములో ఉత్సాహముతో చదువుచున్నారు. వారిలో చిత్రకారులున్నారు, ఇంజనీరులున్నారు, శ్రీహరికోటకు కూతవేటు దూరమున పుట్టినవారున్నారు. ఇంధనమును మిశ్రమము చేయు కార్మికుని, అర్ధరాత్రి రాడారు ముందు కూర్చుండి శకలముల దారులను లెక్కకట్టు ఉద్యోగిని, దీవి విడిచిన యానాది కుటుంబమును వారు తమ కథలకు నాయకులను చేయవలెను. అట్టి ప్రయత్నమునకు మార్గదర్శకముగా మన ప్రచురణకర్తలు ముందుగా ‘ప్లానెటెస్’ నాలుగు సంపుటములను తగిన అనుమతులతో తెలుగులోనికి తెప్పింపవలెనని, పాఠకులు దాని నాదరింపవలెనని నా ప్రార్థన.