నిర్ణయం ముందు, సంప్రదింపు తర్వాత

ఇళ్లు లేనివారికి ఇళ్లు కట్టాలి. అందుకు భూమి కావాలి. మరి ఆ భూమి మీద ముందునుంచే బతుకుతున్నవారి మాటేమిటి? 1946లో ఇంగ్లండ్‌లోని స్టీవెనేజ్ ఊరు ఈ ప్రశ్నను గట్టిగానే అడిగింది.

లండన్‌కు ఉత్తరాన సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 6,000 మంది ఉండే పాత ఊరది. రెండవ ప్రపంచ యుద్ధపు బాంబు దాడుల్లో లండన్‌లో ఎన్నో ఇళ్లు కూలాయి. మిగిలినవాటిలో జనం కిక్కిరిసి బతికారు. వారి కోసం లేబర్ ప్రభుత్వం కొత్త పట్టణాల చట్టం తెచ్చి, 1946 నవంబరు 11న స్టీవెనేజ్‌ను తొలి కొత్త పట్టణంగా ప్రకటించింది. అక్కడ 60,000 మందికి చోటు కల్పించాలన్నది లక్ష్యం.

అయితే చట్టం రాకముందే, ఆ మే నెలలో, మంత్రి లూయిస్ సిల్కిన్ ఊరివారితో సభ పెట్టారు. ఎంత గోల చేసినా ఇది జరిగి తీరుతుందని చెప్పేశారు. కోపగించినవారు ఆయన కారు టైర్లలో గాలి తీశారు. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరును ‘సిల్కిన్‌గ్రాడ్’గా మార్చారు. ఇది స్టాలిన్ పాలనలా ఉందని వారి ఎత్తిపొడుపు. కోర్టుకూ వెళ్లారు. మంత్రి ముందే మనసులో ఖాయం చేసుకుని, ఆ తర్వాత విచారణ జరిపించారన్నది వారి వాదన. 1947 ఫిబ్రవరిలో హైకోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది. అప్పీలు కోర్టు దాన్ని తిరగదోడింది. ఆ ఏడాదే హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా మంత్రి పక్షమే నిలిచింది.

‘హోవర్డ్స్ ఎండ్’ నవల రాసిన ఇ.ఎం. ఫార్‌స్టర్ బాల్యం ఈ ఊరి అంచునే గడిచింది. జనానికి ఇళ్లు కావాలని ఆయన కాదనలేదు. కానీ తరతరాల జీవితం చెరిగిపోతే దానికి బదులుగా ఏమివ్వగలరని అడిగారు.

రెండో వైపూ చూడాలి. లండన్ ఇరుకు గదుల నుంచి వచ్చిన కుటుంబాలకు మంచి ఇల్లు, దగ్గర్లోనే పని, పిల్లలు ఆడుకునే జాగా దొరికాయి. 1959లో వాహనాలు తిరగని బజారు వెలిసింది. 1960లో కొత్తవారి కోసం సెయింట్ జార్జ్ చర్చి ప్రతిష్ఠ జరిగింది. పాత సెయింట్ నికొలస్ చర్చి గుట్ట మీద నేటికీ ఉంది. ఇప్పుడక్కడ దాదాపు 90,000 మంది ఉన్నారు.

కాబట్టి ఆ పట్టణం కట్టడమే అన్యాయమని మనం అనలేం. ఇల్లు లేని బిడ్డ అవసరం నిజమైనదే. కానీ అవసరం నిజమైనంత మాత్రాన, ఉన్నవారి నోరు మూయించే హక్కు ఎవరికీ రాదు. ప్రజాహితం పేరుతో ఏ పథకం వచ్చినా మన యువత మూడు ప్రశ్నలు అడగాలి: లాభం ఎవరికి? నష్టం ఎవరికి? నష్టపోయేవారిని నిర్ణయానికి ముందు అడిగారా, తర్వాతా?

మూడో ప్రశ్నకు జవాబు ‘తర్వాత’ అయితే, అది సంప్రదింపు కాదు, సమాచారం మాత్రమే.