తలుపు చప్పుడు కూడా పాటలోదే

బీటిల్స్ బృందం విడిపోతున్న రోజుల్లో, 1970 ఏప్రిల్‌లో, పాల్ మెకార్ట్నీ తన పేరుతోనే ఒక ఆల్బమ్ తెచ్చాడు. లండన్‌లోని ఇంట్లో నాలుగు ట్రాకుల రికార్డర్ పెట్టుకుని గిటారు, డ్రమ్ములు అన్నీ తానే వాయించుకున్నాడు. కొన్ని పాటలకే స్టూడియోకు వెళ్లాడు. భార్య లిండా గొంతు కలిపింది. మొదటి పాట నిమిషం కూడా ఉండదు. దాని చివర తలుపు కిర్రుమంటుంది. ఇంకోచోట గాజు గ్లాసుల అంచులు రుద్ది నాదం తీశాడు.

సగంలో వదిలేసిన పని అన్నారు అప్పటి విమర్శకులు చాలామంది. మేము ఒప్పుకోం. కొన్ని పాటలు తేలిపోయిన మాట నిజమే. అందరూ మెచ్చిన 'మేబీ ఐయామ్ అమేజ్డ్' స్టూడియోలో తయారైందే. అయినా మాకు ఆ తలుపు చప్పుడే ఇష్టం. మనిషి పక్కగదిలో పాడుతున్నట్టు ఉంటుంది.

అయితే అతను స్టూడియో ఉండీ ఇంట్లో పాడుకున్నాడు. మన హాస్టల్లో ట్రంకుపెట్టె మీద దరువేసే తమ్ముళ్లకు వేరే దారి లేదు. వాళ్లను "గోల ఆపండ్రా" అని కసురుతాం, వార్షికోత్సవానికి మాత్రం సౌండ్ బాక్సులు అద్దెకు తెచ్చి సినిమా పాటలకు డాన్సులేస్తాం. ఇదేం న్యాయం? ఈసారి స్టేజీ మీద ఒక అరగంట ఆ పెట్టెల వాళ్లకివ్వండి. తాళం తప్పితే తప్పనివ్వండి.