మెదడు మార్చే ముందు తీగను చూడండి

ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు, టీవీ అన్నీ కలిసి వాడుకునే నిల్వ పెట్టె ఒకటుంది. దీనిని ‘నాస్’ అంటారు. ఫోటోలు, పాటలు, సినిమాలు ఇందులోని హార్డ్ డిస్కులలో దాచుకుంటారు. హైదరాబాదు ఫిలింనగర్, మధురానగర్ వంటి చోట్ల ఇంట్లోనే సినిమా ఎడిటింగ్ చేసుకునే వారికి ఇది ఎంతో అవసరమైన సాధనం. దీనికీ ప్రాసెసర్ అనే మెదడు ఉంటుంది. పెట్టె నెమ్మదించగానే “ప్రాసెసర్ మార్చేద్దాం” అనడం చాలామందికి అలవాటు. అది తొందరపాటే అంటాను నేను. ఎందుకో చూద్దాం.

ఒక చిన్న లెక్క వేయండి. ఇళ్ళలో సాధారణంగా వాడే గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకు 100 కోట్ల బిట్లకు మించి మోయలేదు. 8 బిట్లు ఒక బైటు కదా! అంటే సెకనుకు 12.5 కోట్ల బైట్లన్నమాట. 400 కోట్ల బైట్ల సినిమా ఆ తీగ గుండా రావడానికి కనీసం 32 సెకన్లు పట్టాలి. ఎంత ఖరీదైన ప్రాసెసర్ తెచ్చి పెట్టినా ఆ 32 కాస్తా 31 కాదు! కొళాయి ధార సన్నగా ఉంటే బిందె మార్చి లాభమేమిటి?

మరి ప్రాసెసర్‌కు నిజంగా పని పడేదెప్పుడు? ఫోను చూపలేని రూపంలో ఉన్న సినిమాను అప్పటికప్పుడు మరో రూపంలోకి మార్చి పంపేటప్పుడు. సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి దాచేటప్పుడు. ఆ సమయంలో ప్రాసెసర్ వాడకం 100 శాతం దగ్గరే నిలిచిపోతూ ఉంటే, లోపం అక్కడే ఉన్నట్లు లెక్క.

అప్పుడైనా మార్చడం అన్నిటిలోనూ కుదరదు. చాలా పెట్టెలలో ప్రాసెసర్‌ను బోర్డుకు టంకం వేసి అతికిస్తారు. 2013లో వచ్చిన హెచ్.పి. మైక్రోసర్వర్ 8వ తరం వంటి కొన్నింటిలో మాత్రం అది సాకెట్‌లో కూర్చుంటుంది. దానితో వచ్చిన సెలెరాన్ జి1610టి 35 వాట్లది. అదే సాకెట్‌లో పట్టే జియాన్ ప్రాసెసర్లలో 69 వాట్లవీ ఉన్నాయి. దాదాపు రెట్టింపు వేడి! ఆ వేడిని బయటికి పంపే ఏర్పాటు లేకపోతే కొత్త మెదడు పూర్తి వేగంతో పనిచేయలేదు. పెట్టె విప్పే ముందు ఇంటి ఫోటోలన్నిటికీ మరోచోట నకలు తీసి ఉంచడం మరవకండి. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, తాతయ్య ఫోటో పోతే తిరిగి రాదు.

కనుక, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పరుగెత్తే ముందు తీగను, డిస్కును, ప్రాసెసర్‌ను ఒక్కొక్కటిగా పరీక్షించండి. జబ్బేదో తెలియకుండా మందు వేసేవాడు వైద్యుడు కాడు. కొలవకుండా మార్చేవాడు ఇంజనీరూ కాడు!